క్లబ్ అధ్యక్షుడి పరిచయం రాసేటప్పుడు వరసలు తేల్చుకోవడం ఎలా?

కంఠీరవ మైదానంలో బెంగళూరు ఎఫ్‌సీ ఆటలు చూడటానికి కలిసి వెళ్లే మా తెలుగు మిత్రులు నడుపుకొనే చిన్న పత్రికకు, విదేశీ ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షుల పరిచయాలు రాస్తూ నేను అలవరచుకున్న పద్ధతి ఇది.

ఆ వ్యక్తికి పదవి ఏ దారిన వచ్చిందో మొదట తేల్చుకోవాలి. స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌లో సభ్యులే ఓటు వేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు కాబట్టి, సివిల్ ఇంజనీరైన ఫ్లొరెంతీనో పెరెజ్ 2000లో గెలిచిన సంగతితోపాటు 1995లో ఓడిన సంగతి కూడా రాయాలి. మన బెంగళూరు ఎఫ్‌సీని 2013లో జేఎస్‌డబ్ల్యూ సంస్థ స్థాపించింది కనుక ఇక్కడ ఓట్ల ప్రసక్తే లేదు.

కుటుంబం దగ్గరికి వచ్చేసరికి తొందరపడకూడదు. 2010లో ఇటలీ క్లబ్ యువెంటస్‌కు అధ్యక్షుడైన ఆంద్రేయా అన్యెల్లి (అక్షరాలు చూసి అగ్నెల్లి అని రాయవద్దు) ఇందుకు మంచి ఉదాహరణ. ఆయన తాత ఎదొఆర్దో 1923లో ఆ క్లబ్ పగ్గాలు చేపట్టగా, తరువాతి కాలంలో పెదనాన్న జాన్నీ, తండ్రి ఉంబెర్తో కూడా అధ్యక్షులయ్యారు. క్లబ్‌లో అత్యధిక వాటా ఉన్న ఎక్సోర్ సంస్థ అధిపతి జాన్ ఎల్కన్‌ను ఇంగ్లీషు పత్రికలు ఆంద్రేయాకు కజిన్‌గా పేర్కొంటాయి. నేనూ అలాగే రాసి ఇస్తే, మా ప్రూఫులు దిద్దే పెద్దాయన అంచున పెన్సిలుతో "ఏ వరస?" అని రాసి పంపారు. కాగితం మీద వంశవృక్షం గీస్తే గాని నాకు తెలియలేదు. ఎల్కన్ తల్లి మార్గెరీతా జాన్నీ కుమార్తె. అంటే ఆంద్రేయాకు పెదనాన్న కూతురు, వయసులో పెద్దది గనుక అక్క. ఆమె కొడుకు కనుక, 1975 డిసెంబరులో పుట్టిన ఆంద్రేయాకు 1976 ఏప్రిల్‌లో పుట్టిన ఎల్కన్ మేనల్లుడు. మేనమామ అధ్యక్షుడిగా ఉన్న క్లబ్‌కు అసలు యజమాని సంస్థ మేనల్లుడి చేతిలో ఉందన్న విషయం కజిన్ అన్న మాట వెనుక పూర్తిగా మరుగునపడిపోయింది.

వృత్తి జీవితానికి తేదీలే ఆధారం. 2012 నుంచి 2020 వరకు వరుసగా 9 సార్లు యువెంటస్ ఇటలీ లీగ్ గెలిచింది; ఖాతాలపై దర్యాప్తు నడుస్తుండగా 2022 నవంబరులో పాలకమండలి మొత్తం రాజీనామా ప్రకటించింది; కొత్త మండలి 2023 జనవరిలో వచ్చింది. విజయాలను పేరాలకొద్దీ వర్ణించి రాజీనామాను అర వాక్యంలో దాటవేస్తే అది పరిచయం కాదు, సన్మానపత్రం అవుతుంది. భార్యాపిల్లల ప్రస్తావన మాత్రం, వారికి క్లబ్ వ్యవహారాలతో సంబంధం ఉంటే తప్ప, నేను తీసుకురాను.