చలికాలం గుర్రం మేత: వేరుశనగ కట్టె, చొప్ప, ఉలవల లెక్క

చలి మొదలైతే చాలు, గుర్రానికి ఉలవలు రెట్టింపు చేసేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. ఒంట్లో వేడి పుట్టాలని ప్రేమతో చేసే పనే అది. కానీ అనంతపురంలోనైనా ఆదోనిలోనైనా జనవరి తెల్లవారుజామున చలి మామూలుగా 15 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. ఒళ్లు తడవకుండా ఉంటే ఆరోగ్యమైన గుర్రం 5 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మనకు అసలు మారేవి వేరే ఉన్నాయి. పచ్చిక ఎండుతుంది, కొత్త కట్టె (కాయలు తీసేసిన వేరుశనగ ఎండు చెట్టు), కొత్త గడ్డి వామికి వస్తాయి, గుర్రం నీళ్లు తాగడం తగ్గిస్తుంది. మేత ఎంచుకునేటప్పుడు చూడాల్సింది వీటినే. కడప వైపు తుపాను వాన పట్టి గుర్రం వణికే రాత్రి ఉంటే, ఒక కిలో ఎండుమేత ఎక్కువ వెయ్యండి. పీచు పెద్దపేగులో నెమ్మదిగా పులిసేటప్పుడు పుట్టే వేడి రాత్రంతా ఉంటుంది. ఉలవలు, జొన్నలు అంత వేడి ఇవ్వవు.

ముందు గుర్రం బరువు తెలియాలి. కాటా అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనక, మూపు మీదుగా ఛాతీ చుట్టుకొలత తీసుకోండి. భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవు కొలవండి. రెండూ సెంటీమీటర్లలోనే. చుట్టుకొలతను చుట్టుకొలతతో, మళ్లీ పొడవుతో గుణించి 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. రెండు కొలతలూ 150 అయితే బరువు దాదాపు 284 కిలోలు. జట్కాలకు కట్టే గుర్రాలు చాలావరకు ఈ చుట్టుపక్కలే ఉంటాయి కాబట్టి కింది లెక్కలన్నీ 300 కిలోల గుర్రానికి చెబుతున్నాం. అంతకంటే పెద్దదైతే అదే దామాషాలో పెంచుకోండి.

రోజుకు ఒంటి బరువులో 2 నుంచి 2.5 శాతం మేత, తడి తీసేసిన ఎండు సరుకు లెక్కన, తినాలి, అంటే 6 నుంచి 7.5 కిలోలు. ఎంత బండి లాగే గుర్రమైనా అందులో కనీసం 4.5 కిలోలు పీచు మేతే ఉండాలి. పచ్చిగడ్డిని ఈ లెక్కలో కలిపేటప్పుడు జాగ్రత్త. 5 కిలోల పచ్చి గరికలో ఎండు సరుకు కిలో, కిలోన్నర మించదు.

కట్టె, చొప్ప, వరిగడ్డి

మనకు దేవుడిచ్చిన మేత వేరుశనగ కట్టె. కర్నూలు వైపు బుడ్డల కట్టె అన్నా ఇదే. పప్పుజాతి మొక్క కాబట్టి మాంసకృత్తులు, కాల్షియం బాగా ఉంటాయి, గుర్రం ఇష్టంగా తింటుంది. ఆకు నిలిచి, పచ్చదనం ఛాయ ఉన్న కట్టె తీసుకోండి. ఆకు రాలి పుల్లలు మిగిలితే అది వంటచెరుకుతో సమానం. రోజుకు 2 కిలోలు సరిపోతుంది.

కట్టెతో చిక్కు రెండు రకాలు. మొదటిది మట్టి. చెట్టును వేళ్లతో సహా పీకుతాం, అనంతపురం ఎర్రమట్టి, ఇసుక ఆ వేళ్లను పట్టుకుని వామి దాకా వస్తాయి. గుర్రం రోజూ అది మింగితే పేగులో పేరుకుని కడుపునొప్పి వస్తుంది. వెయ్యబోయే ముందు ప్రతి పిడికెడు కట్టెనూ గుంజకు కొట్టి దులపండి, వేర్లు కత్తిరించి పారెయ్యండి, మేత నేల మీద కాక తొట్టిలో వెయ్యండి. ఇసుక లోపలికి పోతోందా అని చూడటం తేలిక. నేల తగలని పై భాగంలోంచి 5, 6 లద్దె ఉండలు తీసి, లీటరు నీళ్లున్న పారదర్శకమైన డబ్బాలో చిదిమి కలపండి. పావుగంట కదపకుండా ఉంచి అడుగున చూడండి. చెంచాడు ఇసుక కనబడితే మేత పద్ధతి ఆ రోజే మార్చాలి, డాక్టరుకు చెప్పాలి.

రెండోది బూజు. అక్టోబరు, నవంబరు వానల్లో కోత పడితే కట్టె పైకి ఆరినట్టే కనబడి వామి లోపల మగ్గుతుంది. వామిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలినా, ముక్కిన వాసన వచ్చినా, దులిపితే తెల్లటి పొడి లేచినా ఆ భాగం గుర్రానికి వద్దు. కడిగితే దుమ్ము పోతుంది గానీ బూజు వదిలిన విషం పోదు. ఎద్దు తిని తట్టుకున్న మేత గుర్రాన్ని చంపొచ్చు, ఎందుకంటే ఎద్దు పొట్టలోని సూక్ష్మజీవులు కొన్ని విషాలను విరిచేస్తాయి, గుర్రానికి అలాంటి పొట్ట లేదు.

కట్టెకు తోడు 3 నుంచి 3.5 కిలోల జొన్న చొప్ప వెయ్యండి. సన్నని కాండం, ఎక్కువ ఆకు ఉన్నది మేలు. లావు దంట్లయితే 3, 4 సెంటీమీటర్ల ముక్కలు కొట్టండి. మరీ సన్నగా కొడితే నమలకుండా మింగి గొంతుకు అడ్డం పడుతుంది. పచ్చి జొన్న మాత్రం గుర్రానికి వద్దే వద్దు. లేత జొన్నలో, కోసిన మోళ్ల నుంచి మళ్లీ చిగిర్చిన పిలకల్లో సయనైడ్ విషం ఎక్కువ. ముదిరిన పచ్చి జొన్నను కూడా వారాల తరబడి మేపితే వెనకకాళ్లు తూలడం, మూత్రం బొట్లుబొట్లుగా కారడం మొదలవుతుంది. ఆ నరాల దెబ్బ చాలా గుర్రాల్లో పూర్తిగా నయం కాదు. బాగా ఎండిన చొప్పతో ఆ భయం చాలా తక్కువ.

కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద వరిగడ్డి చవగ్గా దొరుకుతుందని దాని మీదే నెట్టుకొస్తారు. సిలికా ఎక్కువ, సత్తువ తక్కువ. రోజుకు కిలో, కిలోన్నర కాలక్షేపానికి పర్లేదు. మంచులో కోసి, తడి ఆరకుండానే మిషనుతో చుట్టిన బేళ్లు కొంటే, ఒకటి విప్పి నడిమధ్య చూశాకే డబ్బులివ్వండి.

దాణా

పని లేని గుర్రానికి పై మేత, ఉప్పు, నీళ్లు ఉంటే దాణా అరకిలో చాలు. రోజుకు రెండు మూడు గంటలు బండి లాగేదానికి కిలోన్నర నుంచి 2 కిలోలు. ఏ పూటా కిలో దాటకూడదు. గుర్రం పొట్ట చిన్నది, ఒకేసారి పోస్తే పిండి పదార్థం అరగకుండా పెద్దపేగులోకి జారి పులిసిపోతుంది. కడుపునొప్పి, గిట్టల వాపు వచ్చేది అక్కడినుంచే.

2 కిలోల దాణాకు మా లెక్క ఇది: ఉలవలు 700 గ్రాములు, మరపట్టిన బార్లీ లేదా రవ్వగా పగలగొట్టిన జొన్నలు 900, గోధుమ తవుడు 400, ఉప్పు 30. తూకం ఎండు గింజలదే, ఉడికించాక కాదు. ఉలవలు రాళ్లు ఏరి, రాత్రంతా నానబెట్టి, వేళ్ల మధ్య మెత్తగా నలిగేదాకా ఉడికించండి. పచ్చి ఉలవల్లో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే గుణం ఉడికితేనే తగ్గుతుంది. గుగ్గిళ్లు చల్లారాకే పెట్టండి. రాత్రి మిగిలినవి పొద్దున పెట్టొద్దు, చలికాలమైనా పులుస్తాయి.

తవుడు ఎక్కువ పోస్తే గుర్రం నున్నగా అవుతుందన్న నమ్మకం మంచిది కాదు. గోధుమ తవుడులో కాల్షియం కంటే భాస్వరం దాదాపు పది రెట్లు. నెలల తరబడి అదే తింటే ఒంట్లో కాల్షియం ఎముకల నుంచి కరిగి, ముఖం ఎముకలు ఉబ్బి, కాళ్లు కుంటుతాయి. నేపియర్ గడ్డి మేపేవాళ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ, దానిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టేస్తాయి. కట్టె దొరకని నెలల్లో దాణాలో 20 గ్రాముల సున్నపురాయి పొడి, పశువుల మేతకు అమ్మేది, కలపండి. గోడలకు వేసే సున్నం పొరపాటున కూడా వద్దు.

మొక్కజొన్నకు బూజు పట్టిందేమో అన్న అనుమానం ఉంటే అది పెట్టడం మానెయ్యండి. బూజు పట్టిన మొక్కజొన్న తిన్న గుర్రానికి మెదడు కరిగే జబ్బు వస్తుంది, దానికి మందు లేదు. కోళ్ల దాణా, పశువుల మిక్చరు దాణా కూడా దగ్గరికి రానివ్వకండి. వాటిలో కలిపే మోనెన్సిన్ లాంటి మందులు కోళ్లకు, పశువులకు పనికొస్తాయి, గుర్రం గుండెను మాత్రం కొద్దిపాటి మోతాదులోనే దెబ్బతీస్తాయి. ఆముదపు గింజలు ఇంకా ప్రమాదం. వేరుశనగలో ఆముదం అంతరపంటగా వేసిన చేలో కట్టె కొంటే గింజలు, కాయలు ఏరాలి. ఎరువుకు తెచ్చిన ఆముదపు చెక్క బస్తా దాణా గదిలో ఉండకూడదు. సుబాబుల్ ఆకు మేకలకు సరే, గుర్రానికి జూలు, తోక వెంట్రుకలు ఊడిపోతాయి.

నీళ్లు

ఎండుమేత పెరిగి నీళ్లు తగ్గితే పేగులో లద్దె గట్టిపడుతుంది. చలికాలం కడుపునొప్పుల్లో చాలావాటికి మూలం ఇదే. 300 కిలోల గుర్రం రోజుకు 20 నుంచి 30 లీటర్లు తాగాలి. తొట్టి నింపి వదిలేస్తే ఎంత తాగిందో తెలియదు, బకెట్ల లెక్కన పెట్టండి. పొద్దున్నే చల్లగా ఉంటే ఒక చెంబు వేడినీళ్లు కలిపి గోరువెచ్చగా ఇవ్వండి. లద్దె ఉండలు చిన్నవై, గట్టిపడి, మీద జిగురు పొర కనబడితే నీళ్లు చాలట్లేదని అర్థం.

పెళ్లి గుర్రాలు పెట్టుకున్నవాళ్లకు ధనుర్మాసం కీలకం. డిసెంబరు సగం నుంచి సంక్రాంతి దాకా ముహూర్తాలుండవు, గుర్రం కట్టుగొయ్య దగ్గరే నిలబడుతుంది. పని ఆగిన రోజే దాణా సగానికి తగ్గించి, ఎండుమేత మాత్రం నిండుగా వెయ్యండి, రోజూ అరగంట నడిపించండి. పూర్తి దాణాతో నిలబెట్టి మాఘమాసంలో ఒక్కసారిగా ఊరేగింపుకు తీస్తే, వెనక కండలు రాయిలా బిగిసి, చెమట పట్టి, మూత్రం డికాషన్ రంగులో వస్తుంది. అలా అయితే ఒక్క అడుగు కూడా నడిపించకుండా అక్కడే ఆపి డాక్టరును పిలవాలి. సంక్రాంతి తర్వాత ముందు పని, దాని వెనక దాణా, 10 రోజుల్లో నెమ్మదిగా పెంచండి.

ఏ మేత మార్చినా ఇదే గడువు. మొదటి 3 రోజులు పాతది ముప్పాతిక, కొత్తది పాతిక. తర్వాత 4 రోజులు సగం సగం. ఆపై 3 రోజులు కొత్తది ముప్పాతిక. మధ్యలో గుర్రం కాలితో నేల గీరినా, డొక్క వైపు తిరిగి తిరిగి చూసినా, పడుకుని పొర్లినా మేత మొత్తం తీసేసి పశువైద్యుడికి గానీ పశువుల అంబులెన్సు నంబరు 1962కి గానీ ఫోన్ చెయ్యండి. వచ్చేలోపు వెదురు గొట్టంతో నూనె, ఆముదం పొయ్యొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపునొప్పి తగ్గిన గుర్రం న్యుమోనియాతో పోతుంది.