ప్రతి కడుపు నొప్పీ గ్యాస్ కాదు: డైవర్టిక్యులైటిస్ ఉన్నవాళ్లు డాక్టర్‌తో ఎలా మాట్లాడాలి, ఏం తినాలి

మన దగ్గర కడుపు నొప్పి అనగానే వచ్చే మొదటి మాట గ్యాస్. నల్గొండ అయినా పాలమూరు అయినా, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయినా టౌన్‌లో క్లినిక్‌కి పోయినా ఒక గ్యాస్ గోలీ, ఒక నొప్పి సూది ఇచ్చి పంపిస్తారు. చాలాసార్లు అది గ్యాసే అయి ఉంటుంది కూడా. కానీ పొత్తికడుపులో ఒకే చోట, ఎక్కువమందికి ఎడమ పక్క, నొప్పి రోజుల తరబడి వదలకుండా ఉండి దానికి జ్వరం తోడైతే అక్కడితో ఊరుకోకూడదు. నాకున్నది డైవర్టిక్యులైటిస్ అనే పెద్దపేగు జబ్బు, దాని పేరు తెలిసేలోపు తిన్న గ్యాస్ గోలీలకు లెక్క లేదు.

వయసు పెరిగేకొద్దీ కొందరికి పెద్దపేగు గోడ బలహీనంగా ఉన్నచోట చిన్న చిన్న సంచుల్లా బయటికి ఉబ్బుతుంది. ఉబ్బినంత మాత్రాన ఏమీ కాదు, చాలామందికి అవి ఉన్నట్టు కూడా తెలియదు. ఆ సంచులు వాచి ఇన్ఫెక్షన్ వస్తే అది డైవర్టిక్యులైటిస్. ఆసియా వాళ్లలో కుడి పక్క కూడా బాగానే వస్తుంది, అప్పుడు అపెండిక్స్ అనుకుంటారు. ఆడవాళ్లనైతే గర్భసంచి నొప్పి అని పంపిస్తారు. అది చూడాల్సిందే, కానీ ఆ స్కానింగ్ నార్మల్ వచ్చిందని నొప్పి వెతుకులాట ఆపేయకూడదు.

డాక్టర్ ముందు కూర్చోగానే "గ్యాస్ పట్టింది సార్" అని మాత్రం మొదలుపెట్టకండి. జబ్బు పేరు మనమే చెప్పేస్తే, బయట యాభై మంది లైన్‌లో ఉన్న డాక్టర్ దానికే మందు రాస్తారు. నొప్పి ఉన్నచోట వేలు పెట్టి చూపించండి. ఎప్పుడు మొదలైంది, థర్మామీటర్‌లో జ్వరం ఎంత చూపించింది, విరేచనం ఎలా ఉంది, వాంతులున్నాయా, ఇప్పటిదాకా ఏ గోలీలు, ఏ సూదులు పడ్డాయి అన్నది ఒక కాగితం మీద రాసుకుని అది చేతికివ్వండి. ఇంతకుముందు కూడా ఇదే చోట నొప్పి వచ్చి ఉంటే అది తప్పకుండా చెప్పాలి. తర్వాత మర్యాదగానే అడగండి: "గ్యాస్ కాకుండా ఇంకేమై ఉండొచ్చు సార్? సీటీ స్కాన్ అవసరమా? వద్దంటే ఎందుకో చెప్పండి, ఆ మాట చీటీ మీద రాయండి." రాయమని అడిగితే చాలామంది ఇంకోసారి ఆలోచిస్తారు. పెద్దవాళ్లు వెళ్తుంటే కొడుకో కోడలో పక్కన ఉండటం మంచిది, ఎందుకంటే మన పెద్దమ్మలు డాక్టర్ అడగ్గానే "ఇప్పుడు నయమే బిడ్డా" అనేస్తారు.

రక్తపరీక్షలో తెల్లకణాలు, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ చూస్తారు. ఖాయంగా తేల్చేది సీటీ స్కానే, మామూలు అల్ట్రాసౌండ్‌లో ఇది దొరక్కుండా పోవచ్చు. సీటీకి రంగు మందు ఎక్కిస్తారు కాబట్టి షుగర్, కిడ్నీ సమస్యలు ఉంటే, గర్భం ఉండే అవకాశం ఉంటే ముందే చెప్పాలి. జిల్లాలో తేలకపోతే బీబీనగర్ ఎయిమ్స్‌కో పట్నంలో నిమ్స్, ఉస్మానియాలకో పోవచ్చు. ఆరోగ్యశ్రీ కార్డు, పాత రిపోర్టులు, సీటీ ఫిల్మ్ అన్నీ ఒకే సంచిలో పెట్టుకుని వెళ్లండి.

నొప్పి సూది విషయంలో గట్టిగా ఉండాలి. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి ఈ జబ్బులో పేగుకు చిల్లుపడే ప్రమాదాన్ని పెంచుతాయి. "నాకు డైవర్టిక్యులైటిస్ ఉంది, ఆ సూది వద్దు" అని చెప్పి, పారాసిటమాల్ సరిపోతుందా అని అడగండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపొద్దు. జబ్బు తక్కువగా ఉన్నప్పుడు యాంటీబయాటిక్ లేకుండానే తగ్గొచ్చు, అది డాక్టర్ తేల్చాలి. రాసిస్తే మాత్రం రెండు రోజులకే నయమైందని మధ్యలో వదిలేయకండి.

తిండి దగ్గర అందరూ తికమక పడతారు. నొప్పి గట్టిగా ఉన్న రోజుల్లో డాక్టర్ చెప్పినన్ని రోజులు గంజి తేట, కొబ్బరి నీళ్లు లాంటివే. తగ్గుతుంటే మెత్తటి అన్నం, పెసరకట్టు, ఇడ్లీ. పూర్తిగా నయమయ్యాక మాత్రం పీచు పెంచాలి, అదీ మెల్లమెల్లగా, లేకపోతే కడుపు ఉబ్బుతుంది. మనకు కొత్తగా కొనేదేం లేదు: జొన్న రొట్టె, తోటకూర, గంగవాయిలు కూర, బీరకాయ, పప్పులు, వాటితో పాటు సరిపడా నీళ్లు. పల్లీలు, నువ్వులు మానేయాలని ఇప్పటికీ చెప్తారు, గింజలు ఆ సంచుల్లో ఇరుక్కుంటాయని. అమెరికాలో 47 వేలమంది మగవాళ్లను 18 ఏళ్లపాటు గమనించి 2008లో బయటపెట్టిన పరిశీలనలో అలాంటి సంబంధమేం కనిపించలేదు. అందుకే సర్వపిండి మానక్కర్లేదు. సిగరెట్, బీడీ మానాలి, మటన్ తగ్గించాలి.

కడుపు చెక్కలా గట్టిపడినా, చలితో జ్వరం వచ్చినా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, విరేచనంలో రక్తం పడినా, గ్యాస్ కూడా పోకుండా కడుపు ఉబ్బినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో ఉన్నవాళ్లు ఇంకా ముందే బయల్దేరాలి, దారిలోనే ఎంతో టైం పోతుంది. మూత్రంలో గాలి బుడగలు వస్తుంటే అది పేగుకూ మూత్రాశయానికీ మధ్య దారి పడిన గుర్తు కావచ్చు, సిగ్గుపడి దాచకండి.

నొప్పి తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అవసరమా అని మీరే అడగండి. పెద్దపేగు క్యాన్సర్ కూడా సీటీలో ఇలాగే కనిపించొచ్చు, అది లేదని తేల్చుకోవడానికి ఈ పరీక్ష. వాపు ఉన్నప్పుడు చేయరు, అందుకే ఆ తేదీ డిశ్చార్జ్ కాగితం మీద ఆ రోజే రాయించుకోండి.