రేవాల్ నడక ఉన్న గుర్రాన్ని గుర్తుపట్టడం ఎలా

మార్వాడీ గుర్రం కొందామని రాజస్థాన్‌లో పుష్కర్ మేళాకో తిల్వాడా మేళాకో వెళ్తే అమ్మేవాళ్ళు ముందు చెవులు చూపిస్తారు. లోపలికి వంగి కొనలు రెండూ తాకేలా ఉండే ఆ చెవులు నిజంగానే చాలా బాగుంటాయి, కానీ గంటల తరబడి స్వారీ చేయాలనుకునేవాళ్ళు తేల్చుకోవాల్సింది మాత్రం నడక. మార్వాడీ, గుజరాత్‌కి చెందిన కాఠియావాడీ గుర్రాల్లో చాలావాటికి రేవాల్ అనే నడక పుట్టుకతోనే వస్తుంది, అన్నిటికీ రాదు, అమ్మేవాళ్ళు మాత్రం అన్నిటికీ ఉందనే చెప్తారు.

మామూలు గుర్రం స్పీడు పెంచితే ట్రాట్‌లోకి వెళ్తుంది, అంటే ముందు కుడి కాలు వెనక ఎడమ కాలు కలిసి పడతాయి, తర్వాత మిగతా జత, మధ్యలో ఒక్క క్షణం నాలుగు కాళ్ళూ గాల్లో ఉంటాయి కాబట్టి దిగిన ప్రతిసారీ ఆ కుదుపు మన నడుముకి తగులుతుంది. రేవాల్‌లో కాళ్ళు ఒక్కొక్కటిగా పడతాయి, ఎప్పుడూ ఏదో ఒక కాలు నేల మీదే ఉంటుంది, అందుకే వీపు ఎగరదు.

చెక్ చేయడం కష్టమేం కాదు. వెనక ఎడమ కాలికి రంగు టేప్ చుట్టి, మామూలు నడక కన్నా స్పీడుగా వెళ్ళేటప్పుడు పక్క నుంచి ఫోన్లో స్లో మోషన్ వీడియో తీయండి, నెమ్మది నడకలో ఏ గుర్రానికైనా కాళ్ళు విడివిడిగానే పడతాయి. వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి, ఈ వరసలో విడివిడిగా పడుతున్నాయా చూడండి. తర్వాత గట్టి నేల మీద కొంచెం దూరం అదే స్పీడులో నడిపించి కళ్ళు మూసుకుని వినండి, టకటక టకటక అని నాలుగు దెబ్బలు వినపడాలి. రెండే వినపడితే అది ట్రాట్, లేదా ఒకే పక్క కాళ్ళు కలిసి పడే పేస్, పేస్‌లో మనిషి అటూ ఇటూ ఊగిపోతాడు. కుంటే గుర్రం దెబ్బలు కూడా తేడాగానే పడతాయి, కాబట్టి తల గమనించండి, ముందు కాలు నొప్పి ఉంటే ఆ కాలు పడగానే తల పైకి లేస్తుంది.

లాడాలు కూడా ఎత్తి చూడండి, బరువైనవి వేశారంటే అడుగుని కృత్రిమంగా ఎత్తిస్తున్నారేమో అని అనుమానించాల్సిందే. అమెరికాలో టెన్నెసీ వాకింగ్ హార్స్‌కి వెనక కాలు ముందు కాలి అడుగుని దాటిపోయేంత చక్కటి రన్నింగ్ వాక్ సహజంగానే ఉంది, అయినా షోల కోసం కాళ్ళకి కెమికల్స్ పూసి గొలుసులు కట్టి నొప్పితో ఎత్తించేవాళ్ళు, అది ఆపడానికే 1970లో చట్టం తేవాల్సి వచ్చింది. అంత క్రూరత్వంతో తెప్పించిన అడుగు మనకి వద్దే వద్దు. 2012లో డీఎంఆర్‌టీ3 అనే జీన్‌లో మార్పుకీ ఇలాంటి నడకలకీ సంబంధం ఉందని తేలింది, ఐస్‌లాండ్ గుర్రాల్లో పేస్ చేసేవాటిలో దాదాపు అన్నిటికీ ఆ మార్పు రెండు కాపీలు ఉంటుంది. అందుకే వీలైతే తల్లినీ, దాని వెంట పరిగెత్తే పిల్లనీ చూడండి, ఎవరూ నేర్పని నడక అక్కడే బయటపడుతుంది.

మలక్‌పేట రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ తీసుకునేవాళ్ళు దాన్నుంచి రేవాల్ ఆశించొద్దు, దాని బలం దౌడు, మీరే ట్రాట్ కుదుపుకి తగ్గట్టు జీను మీద లేస్తూ కూర్చోవడం నేర్చుకోండి. మణిపూర్ జాతి మణిపురీ అయితే పోలోలో చటుక్కున తిరగడానికి, లడఖ్ జాతి జంస్కారీ అయితే కొండల్లో బరువు మోయడానికి.

చివరగా కళ్ళెం వదులుగా పట్టుకుని అరగంట స్వారీ చేయండి. అలిసిపోయాక కూడా ఆ నాలుగు దెబ్బలు చెదరకపోతే వెటర్నరీ డాక్టర్‌తో కాళ్ళు చూపించి, ఆ తర్వాతే రేటు మాట్లాడండి.