పైథాన్ చైల్డ్ క్లాస్ ఆబ్జెక్ట్ మొరాయిస్తుంటే: సమస్య - పరిష్కారం

క్లాస్‌ను పిలవగానే పైథాన్ 3 రెండు పనులు చేస్తుంది. మొదట ‘న్యూ’ మెథడ్ ఆబ్జెక్ట్‌ను సృష్టిస్తుంది, ఆ తర్వాత ‘ఇనిట్’ అందులో విలువలు నింపుతుంది. (రెండు పేర్లకూ ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లు ఉంటాయి.) కింది ఎర్రర్లలో చాలావరకు ఈ వరుస దగ్గరే పుడతాయి.

సమస్య: ఆబ్జెక్ట్ తయారవుతోంది, కానీ పేరెంట్ మెథడ్‌ను పిలిస్తే ‘ఆట్రిబ్యూట్‌ఎర్రర్’ వస్తోంది

మరో క్లాస్ (పేరెంట్) నుంచి వారసత్వం తీసుకున్న చైల్డ్ క్లాస్‌లో సొంత ఇనిట్ రాస్తే పేరెంట్ ఇనిట్ దానంతటది నడవదు. మెథడ్లు క్లాస్‌లో ఉంటాయి కాబట్టి వారసత్వంగా దొరుకుతాయి. ‘సెల్ఫ్.నిల్వ’ లాంటివి మాత్రం పేరెంట్ ఇనిట్ నడిస్తేనే పుడతాయి. జావా కంపైలర్ అయితే మనం రాయకపోయినా ఆర్గ్యుమెంట్లు (లోపలికి ఇచ్చే విలువలు) లేని సూపర్ కాల్‌ను, అంటే పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌ను పిలిచే లైన్‌ను, తానే చేరుస్తుంది. అక్కడి నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

చైల్డ్ ఇనిట్ మొదటి లైన్‌లో ‘సూపర్().__ఇనిట్__(పేరు)’ అని పిలిచి, పేరెంట్ అడిగే ఆర్గ్యుమెంట్లన్నీ ఇవ్వండి. అనుమానముంటే ‘వార్స్(ఆబ్జెక్ట్)’ (ఇంగ్లిష్‌లో vars) ప్రింట్ చేయండి. ఏ విలువ నిండలేదో అందులో తెలిసిపోతుంది.

సమస్య: సూపర్ పిలిచినా అదే ఎర్రర్, అదీ సూపర్ లైన్ దగ్గరే

ట్రేస్‌బ్యాక్‌ను (ఎర్రర్‌తో పాటు వచ్చే, ఏది దేన్ని పిలిచిందో చూపే జాబితాను) కింది నుంచి పైకి చదవండి. చివర చైల్డ్ మెథడ్, దానిపైన పేరెంట్ ఇనిట్ కనిపిస్తే కారణం దొరికినట్టే. పేరెంట్ ఇనిట్ ఒక మెథడ్‌ను పిలిచింది, చైల్డ్ దాన్ని ఓవర్‌రైడ్ చేసింది, అంటే అదే పేరుతో తిరగరాసింది. ఆ మెథడ్‌కు కావలసిన చైల్డ్ విలువ అప్పటికింకా పెట్టలేదు. ఆ విలువను సూపర్ కంటే ముందు పెడితే పని జరుగుతుంది గానీ అది అతుకే. ఇనిట్‌లో ఓవర్‌రైడ్ కాగల మెథడ్‌ను పిలవకుండా, ఆబ్జెక్ట్ పూర్తయ్యాక విడిగా పిలవడమే సరైన పద్ధతి.

సమస్య: ఒక ఆబ్జెక్ట్ లిస్టులో చేర్చింది అన్నింటిలోనూ కనిపిస్తోంది

లిస్టును క్లాస్ స్థాయిలో రాశారు, అందుకే అందరికీ అదొక్కటే. ‘సెల్ఫ్.జాబితా = []’ అని ఇనిట్‌లోకి మార్చండి.

సమస్య: ఇద్దరు పేరెంట్లు ఉంటే ఒకరి ఇనిట్ రెండుసార్లు నడుస్తోంది, లేదా అసలు నడవడం లేదు

సూపర్ అంటే ‘నా పేరెంట్’ అని కాదు, ఎమ్ఆర్ఓ (మెథడ్ కోసం పైథాన్ క్లాసులను వెతికే క్రమం) వరుసలో తర్వాతి క్లాస్ అని. ‘క్లాస్‌పేరు.ఎమ్ఆర్ఓ()’ ప్రింట్ చేస్తే ఆ వరుస కనిపిస్తుంది. ఒక క్లాస్ సూపర్ వాడి, మరొకటి పేరెంట్‌ను నేరుగా పేరుతో పిలిస్తే గొలుసు తెగుతుంది, లేదా ఒకే ఇనిట్ మళ్లీ నడుస్తుంది. అన్ని క్లాసుల్లోనూ సూపర్ మాత్రమే వాడండి. తనకు అక్కరలేని కీవర్డ్ ఆర్గ్యుమెంట్లను (పేరుతో ఇచ్చే విలువలను) ప్రతి క్లాస్ ముందుకు పంపాలి. క్లాస్ రాయగానే ఎమ్ఆర్ఓ కుదరలేదని ‘టైప్‌ఎర్రర్’ వస్తే, బ్రాకెట్‌లో బేస్ క్లాస్‌ను దాని చైల్డ్ కంటే ముందు రాశారేమో చూసి వరుస మార్చండి.

సమస్య: టపుల్ నుంచి క్లాస్ చేస్తే, ఇనిట్ సరిగ్గా ఉన్నా ఆర్గ్యుమెంట్లు ఎక్కువయ్యాయని ఎర్రర్

టపుల్ అంటే తయారయ్యాక మార్చలేని జాబితా. అందులోని విలువలు ‘న్యూ’ దగ్గరే ఖరారవుతాయి, ఇనిట్ వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ‘న్యూ’ను ఓవర్‌రైడ్ చేసి, విలువలను ఒకే టపుల్‌గా కట్టి ‘సూపర్().__న్యూ__’కు క్లాస్‌తో పాటు ఇవ్వండి. అది తిరిగిచ్చిన ఆబ్జెక్ట్‌ను రిటర్న్ చేయడం మరవకండి.