బెజవాడ ఎండలో చిన్న అక్వేరియం: ఏ చేపతో ఏ చేపకు పడుతుంది

అక్వేరియం కొనే రోజున దుకాణంలో అందరం అడిగే ప్రశ్న ఒకటే: ఈ చేప ఆ చేపతో కలిసి ఉంటుందా? విజయవాడలో ఉండేవారు అంతకంటే ముందు ఇంకొకటి అడగాలి: ఈ చేపకు మన నీరు, మన మే నెల పడతాయా? ఆ ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పుకుంటే దుకాణంలో కనిపించే రకాల్లో చాలావరకు పక్కకు తప్పుకుంటాయి. మిగిలిన వాటిలో దేనికి దేనితో పొసగుతుందో చూసుకోవడం పెద్ద కష్టం కాదు.

ఇక్కడ చెప్పేదంతా రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి గురించి. లెక్క ప్రకారం అందులో 56 లీటర్లు పడతాయి గాని, అడుగున గులకరాళ్లు పోసి పైన రెండు వేళ్ల ఖాళీ వదిలితే మిగిలే నీరు 45 లీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. బల్ల మీద పెట్టుకునే గుండ్రటి గాజు గిన్నెల గురించి నేను ఏమీ చెప్పను. వాటిలో మనీప్లాంటు పెంచుకోవడం మేలు.

మొదట ఎండ సంగతి చూద్దాం. పగటి వేడి 42, 43 డిగ్రీలను తాకే రోజుల్లో, పై అంతస్తులో స్లాబు కింద ఉన్న గదిలో తొట్టి నీరు 33 డిగ్రీల దగ్గర నిలిచిపోతుంది. స్లాబు రాత్రంతా సెగ కక్కుతూనే ఉంటుంది కనుక అర్ధరాత్రి దాటినా అది పెద్దగా దిగదు. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండగల ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఉండేది, 33 డిగ్రీలకు వచ్చేసరికి 7 చిల్లరకు పడిపోతుంది. సరిగ్గా అదే సమయంలో చేప ఒంట్లో పని వేగం పెరిగి దానికి ఊపిరి ఎక్కువ కావలసి వస్తుంది. కైకలూరు, గుడివాడ వైపు చెరువుల మీద బతికే రైతులకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే వారు నీటిలో గాలి కలిపే ఏరేటర్ వేయడానికి పరుగెత్తుతారు. ఇంట్లోని తొట్టిలోనూ జరిగేది అదే. దీనికి తోడు చేపల వ్యర్థం నుంచి పుట్టే అమ్మోనియా, నీరు వేడిగానూ పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎక్కువగానూ ఉన్నప్పుడు మరింత విషమవుతుంది. కాబట్టి చల్లటి ఊళ్లవారు ఇదే తొట్టిలో పదిహేను చేపలు పెంచుతున్నారని చదివితే, మనం పదితో ఆగాలి.

ఈ పాఠం నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. మొదటి ఏడాది జనవరిలో ఒక దుకాణం నుంచి పది నియాన్ టెట్రాలు, రెండు గోల్డ్‌ఫిష్ తెచ్చుకున్నాను. సంక్రాంతి రోజుల్లో నీరు 25 డిగ్రీల దగ్గర ఉండేది. నీలం, ఎరుపు గీతలు మెరుస్తూ టెట్రాలన్నీ ఒక్క జట్టుగా తిరిగేవి. ఏప్రిల్ రెండో వారంలో ఆ గీతల రంగు వెలిసింది, ఉగాది పచ్చడి రుచి మరవకముందే టెట్రాలు ఒక్కటీ మిగల్లేదు. చెట్ల నీడన పారే అమెజాన్ ప్రాంతపు మెత్తటి నీటిలో పుట్టిన జాతి అది. 26 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బందే. గోల్డ్‌ఫిష్ కూడా చల్లటి నీటి చేపే, పైగా విపరీతంగా తిని విపరీతంగా విసర్జిస్తుంది. ఎనిమిది బంగారు రంగువి, ఒక నల్లది కలిపి తొమ్మిది గోల్డ్‌ఫిష్ ఉంటే ఇంటికి కలిసొస్తుందని చెప్పేవారున్నారు. ఇంటి సంగతి ఏమో గాని, రెండడుగుల తొట్టిలో ఆ తొమ్మిదింటికీ అది కలిసిరాదు.

వేడి తరువాత నీటి గుణం. మన ఇళ్లలో బోరు నీరు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర పేరుకుంటుందా? గీజరు, కుళాయి మూతి సున్నం పట్టినట్లు ఉంటాయా? అయితే అది సున్నపు లవణాలు ఎక్కువగా ఉన్న కఠిన జలం. స్నానానికి సబ్బు నురగ రాదని మనం విసుక్కునే ఈ నీరే గప్పీ, మోలీ, ప్లాటీలకు ఇష్టం. గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లలను కనే ఈ జాతులకు పీహెచ్ 7 నుంచి 8 వరకు ఉన్న నీరు చక్కగా సరిపోతుంది. కొందరు శుద్ధమైనదని ఆర్‌వో నీరు పోస్తారు. లవణాలన్నీ పోయిన ఆ నీటిలో ఈ చేపలు నీరసించి, రెక్కలు ముడుచుకుని ఒక మూల నిలబడిపోతాయి. మునిసిపల్ కుళాయి నీరు వాడేవారు క్లోరిన్ పోయేందుకు బకెట్లో గాలి గొట్టం వేసి ఒక రోజు ఉంచాలి, లేదా దుకాణాల్లో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేసుకోవాలి.

ఇక చేపల మధ్య పొత్తు. అన్నిటికంటే ముందు చూడవలసింది, ఇప్పుడు రెండంగుళాలున్న ఈ పిల్ల ఎదిగితే ఎంత అవుతుందన్నది. తొట్టి గాజును శుభ్రం చేస్తుందని చెప్పి అంటగట్టే సక్కర్ ఫిష్ అడుగున్నర దాకా పెరుగుతుంది. ఎదిగాక పాచి తినడం మీద దానికి ఆసక్తి కూడా తగ్గుతుంది, అది చేసే మురికి మాత్రం తగ్గదు. ఇలా పెరిగిపోయిన వాటిని కొందరు బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో వదిలేస్తారు. జాలర్ల వలలను చింపే దెయ్యం చేపలని మన రాష్ట్రంలో పేరు పడినవి ఈ జాతివే, కాబట్టి ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. ఏంజెల్ చేప రెక్కలతో కలిపి ఎత్తు ఆరంగుళాలు దాటుతుంది కనుక అడుగు ఎత్తు తొట్టిలో అది ఇరుకున పడుతుంది. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటి పెద్ద చేపల ఊసే ఎత్తవద్దు. చేపల పొడవులన్నీ అంగుళాల్లో కూడి లీటర్లతో భాగించే లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. పదంగుళాల ఆస్కార్ ఒక్కటి, అంగుళం టెట్రాలు పది కలిపినా చేయలేనంత మురికి చేస్తుంది గనుక ఆ లెక్కను నేను నమ్మను.

రెండోది నోటి కొలత. ఒక చేప నోట్లో పట్టే ఇంకో చేప, ఎంత స్నేహంగా కనిపించినా, ఏదో ఒక రాత్రి దానికి మేత అవుతుంది.

మూడోది స్వభావం, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. నారింజ ఒంటి మీద నల్ల పట్టీలతో టైగర్ బార్బ్ చాలా అందంగా ఉంటుంది గాని, పొడవాటి తోకలు కనిపిస్తే కొరకకుండా ఉండలేదు. మూడింటిని గప్పీలతో కలిపి వేసిన మూడో సాయంత్రం తొట్టి ముందు కూర్చుంటే, విసనకర్రలా ఉండవలసిన ఒక గప్పీ తోక ఎలుక కొరికిన కాగితంలా అంచులు చిరిగి కనిపించింది. గప్పీ పైకి వెళితే ఒక బార్బ్ వెనకనుంచి వచ్చి చటుక్కున ఒక్క కొరుకు కొరికి, ఏమీ ఎరగనట్టు పక్కకు తిరిగిపోయేది. ఆరేడు బార్బ్‌లుంటే వాటిలో అవి కొట్టుకుంటూ ఇతరుల జోలికి కొంత తక్కువగా పోతాయి, కాని అప్పుడు తొట్టి పూర్తిగా వాటిదే అవుతుంది. ఫైటర్ చేపల్లో (బెట్టా) మగది ఒక్కటే ఉండాలన్నది అందరికీ తెలిసినదే. రంగురంగుల తోక గల మగ గప్పీని కూడా అది పోటీ ఫైటర్‌గా పొరబడి మీద పడుతుందన్నది మాత్రం చాలామందికి తెలియదు.

గప్పీలలో ఆడ, మగ లెక్క కూడా పొత్తులో భాగమే. పొట్ట కింది వెనక రెక్క సన్నటి పుల్లలా ఉంటే మగది, త్రికోణంగా విప్పారి ఉంటే ఆడది. మగవి ఎక్కువై ఆడవి తక్కువైతే, అవి రోజంతా వెంటబడి ఆడవాటిని అలసటతోనే చంపేస్తాయి. అందువల్ల ఒక మగదానికి కనీసం రెండు, మూడు ఆడవి ఉండాలి. అయితే ఆడది నెలకోసారి ఇరవై, ముప్పై పిల్లలను కంటుంది, మగది పక్కన లేకపోయినా దాచుకున్న బీజంతో నెలల తరబడి కంటూనే ఉంటుంది. ఆ సంతతిని ఎవరికి పంచాలో తెలియనివారు అన్నీ మగవే తెచ్చుకోవడం తేలిక. ప్లాటీలకూ ఇదే వర్తిస్తుంది. మోలీ నాలుగంగుళాల దాకా పెరుగుతుంది కనుక ఈ తొట్టికి కొంచెం బరువే.

నా తొట్టిలో ఇప్పుడు ఆరు మగ గప్పీలు, మూడు మగ ప్లాటీలు, ఒక్క మగ హనీ గౌరామి ఉన్నాయి. గౌరామిని ఎంచుకోవడానికి కారణం ఎండే. అది మన కొర్రమీనుకు దూరపు చుట్టం. కొర్రమీను లాగే పైకి వచ్చి గాలిని నేరుగా గుక్క పట్టగలదు గనుక, నీటిలో ఆక్సిజన్ తగ్గిన మధ్యాహ్నాలను ఓర్చుకుంటుంది. రెండు మగ గౌరామీలు ఇంత చోటులో సర్దుకోవు. చురుకుగా ఈదే చేపలు కావాలనుకునేవారు ప్లాటీలను మానేసి, గప్పీలను మూడుకు తగ్గించి, ఆరు జీబ్రా డానియోలను తెచ్చుకోవచ్చు, ఆరు కంటే తక్కువైతే అవి బెదురుతూ ఇతర చేపలను తరుముతాయి. అడుగు భాగం ఖాళీగా ఉందని ఏదో ఒకటి కొనవలసిన పని లేదు. నేను అక్కడ రాళ్లు, నాలుగు మొక్కలు తప్ప ఏమీ ఉంచలేదు.

వీటన్నిటినీ ఒకేసారి తేకూడదు. అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆ తరువాత హాని తక్కువైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ముందు రెండు ప్లాటీలు వేసి, మేత చిటికెడుతో సరిపెట్టి, రెండు మూడు రోజులకోసారి కొంత నీరు మారుస్తూ ఉండాలి. నెల దాటి అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలు రెండూ సున్నా చూపాకే మిగిలినవి ఒక్కో విడతగా రావాలి. చోటును సొంతం చేసుకునే గుణమున్న గౌరామి చివర రావడం మంచిది. ఈ పనికి నవంబరు అనువైన నెల. ఏప్రిల్, మే నెలల్లో కొత్త చేప కొనకపోవడమే మంచిది. వేసవి వచ్చాక మూత తీసి పైన దోమతెర కట్టి, నీటి మీదుగా చిన్న ఫ్యాన్ తిప్పితే నీరు రెండు, మూడు డిగ్రీలు చల్లబడుతుంది. ఐసు ముక్కలు నేరుగా వేస్తే ఉన్నట్టుండి మారే వేడికి చేపలు మరింత దెబ్బతింటాయి. కరెంటు పోయినా గాలి ఆడేందుకు బ్యాటరీ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

దుకాణంలో చేపను ఎంచేటప్పుడు, దానితో పాటు ఆ తొట్టిలో ఉన్న మిగతా చేపలను కూడా చూడాలి. ఒక్కదాని ఒంటి మీద తెల్లటి చుక్కలున్నా ఆ తొట్టిలోంచి ఏదీ తీసుకోకూడదు. ఇంటికి తెచ్చిన సంచిని ఇరవై నిమిషాలు నీటి మీద తేలనిచ్చి, మన నీటిని గ్లాసుతో కొద్దికొద్దిగా కలుపుతూ పోయి, చివరకు వలతో చేపను మాత్రమే తొట్టిలోకి వదలాలి, సంచిలో నీరు పారబోయాలి. పొసగకపోతే మార్చి ఇస్తారా అని దుకాణదారును ముందే అడిగి పెట్టుకోవాలి. మొదటి వారం రోజూ మేత వేసేటప్పుడు లెక్క చూసుకుంటూ, ఏ చేప ముందుకు రాక ఫిల్టర్ వెనకే ఉండిపోతున్నదో గమనించాలి. ముందు రాళ్లు, మొక్కలు అటూ ఇటూ జరిపి చూడండి. చోటు గుర్తులు మారితే తరిమే చేప కూడా కొత్తగా వచ్చినట్టు తికమకపడుతుంది. రెండు రోజుల తరువాత కూడా తరమడం ఆగకపోతే, తరుముతున్న దానిని పట్టి వెనక్కి ఇచ్చేయాలి.