ముంబైలో పగడీ గది కొంటున్నారా? వానలకు ముందే ఇవి చూసుకోండి

వర్లీ, ప్రభాదేవి, కామాఠీపురా, ధారావి... బట్టల మిల్లుల కాలం నుంచి తెలంగాణ జిల్లాల కుటుంబాలు స్థిరపడ్డ పేటలివి. ఫ్లాటు కొనే స్తోమత లేక, నెలనెలా పెరిగే అద్దె భరించలేక, చాల్‌లో, అంటే ఉమ్మడి వరండా ఉన్న వరుస గదుల భవనంలో, ఒక ఖోలీ (గది) కొనుక్కుందామనుకునే మనవాళ్ళు ఇప్పటికీ ఎందరో. ఆడపిల్ల పెళ్ళికని దాచిన సొమ్ము, ఊళ్ళో అమ్మిన పొలం డబ్బు ఆ ఒక్క గదిలోకే పోతాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా తేల్చుకోవలసింది గది ఎలా ఉందన్నది కాదు, ఆ గది మీద మీకు దక్కే హక్కు ఏమిటన్నది. పాత చాల్‌లలో గదులు చాలావరకు పగడీ పద్ధతిలో చేతులు మారతాయి. అంటే భవనం యజమానిదే. మీరిచ్చే పెద్ద మొత్తం కౌలుదారు హక్కు, అంటే అద్దెకు ఉండే హక్కు కోసం. ఆ తర్వాత నెలకు నామమాత్రపు అద్దె కడుతూ ఉంటారు. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 56వ సెక్షన్ కింద, ఈ హక్కును డబ్బు తీసుకుని మరొకరికి బదలాయించడాన్ని ఒప్పుకుంది. కానీ యజమాని సమ్మతి ఉండాలి. ఆ సమ్మతికి ఆయన తీసుకునే వాటా వాడుకలో దాదాపు మూడోవంతు. బేరం ఆడేటప్పుడు ఏజెంటు చెప్పే ధరలో ఈ వాటా కలిసి ఉందా, విడిగా ఇవ్వాలా అన్నది మొదటి రోజే కాగితం మీద రాయించుకోండి. చిన్న బడ్జెట్ తలకిందులయ్యేది ఎక్కువగా ఇక్కడే. యాజమాన్యం మీది కాదు కనుక బ్యాంకులు సాధారణంగా ఇలాంటి గదికి గృహ రుణం ఇవ్వవు. తగ్గిన సొమ్ము వడ్డీ వ్యాపారి దగ్గర తెస్తే అద్దె మిగిలిన సంతోషం కూడా మిగలదు.

అద్దె రసీదు అడిగి తీసుకుని, వెలుతురులో పెట్టి చదవండి. పేరు ఎవరిది? గది నంబరు తలుపు మీది నంబరుతో సరిపోయిందా? చివరి రసీదు ఏ నెలది? కొన్నేళ్ళుగా రసీదు ఇవ్వడం ఆగిపోయి ఉంటే యజమానికీ అమ్మేవాడికీ మధ్య కోర్టు కేసు నడుస్తోందేమో ఆరా తీయాలి. రసీదు చనిపోయిన తండ్రి పేరున ఉండి, కొడుకు అమ్మజూపుతుంటే మరీ జాగ్రత్త. కౌలుదారు మరణించినప్పుడు ఆయనతో కలిసి ఆ గదిలో ఉంటున్న కుటుంబ సభ్యులకు చట్టం హక్కు ఇస్తుంది, ఎవరికన్నది తేలకపోతే కోర్టు తేలుస్తుంది. అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు, తల్లి, అందరి సంతకాలతో నిరభ్యంతర పత్రం లేనిదే అడ్వాన్సు ఇవ్వకండి. ‘వాళ్ళు ఊళ్ళో ఉన్నారు, ఏమీ అనరు’ అన్న మాటను నమ్మి ఇచ్చిన డబ్బు వెనక్కి రాబట్టుకోవడం ఎంత కష్టమో మన బస్తీల్లో ఎవరినడిగినా చెబుతారు.

ఒక గదిని మధ్యలో గోడ పెట్టి రెండుగా చేసి, రెండు రసీదులు పుట్టించి అమ్మడం కూడా ఉంది. మరమ్మతుల కోసం సెస్సు అనే పన్ను కట్టే పాత భవనాల పునర్నిర్మాణంలో 1996 జూన్ 13 తర్వాత కొత్తగా సృష్టించిన కౌలును లెక్కలోకి తీసుకోరు. అర్హులైన కౌలుదారుకు కనీసం 300 చదరపు అడుగుల ఇల్లు రావాలన్నది నిబంధన. ఆ ఆశతోనే చాలామంది గది కొంటారు. కానీ మీరు కొన్నది ఆ తేదీ తర్వాత చీల్చిన ముక్క అయితే, రేపు మ్హాడా (మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) జాబితాలో మీ పేరు ఉండదు, పక్క గదివాళ్ళతో జీవితాంతం తగవు మాత్రం ఉంటుంది. కాబట్టి పాత రసీదులు, కరెంటు బిల్లులు, మ్హాడా మరమ్మతుల బోర్డు దగ్గర ఉన్న కౌలుదారుల జాబితా, ఈ మూడింటిలో ఒకే గది నంబరు కనిపించాలి. పైన చెక్కలు పరిచి వేసిన అటకను కూడా గది విస్తీర్ణంలో కలిపి ధర చెబుతారు. ఒప్పుకోకండి.

ఇక భవనం. జూన్‌లో వానలు మొదలవుతాయి, మ్హాడా ఏటా వానలకు ముందు అత్యంత ప్రమాదకర భవనాల జాబితా ప్రకటిస్తుంది. మున్సిపల్ కార్పొరేషన్ తనిఖీ చేసిన వాటిలో సీ-1 వర్గం అంటే ఖాళీ చేయించి కూల్చవలసినవి. ఆ జాబితాలు చూడకుండా మే నెలలో డబ్బు కట్టకండి. ఇది కాగితాల బెడద మాత్రమే కాదు, ప్రాణాల మాట. 2017 ఆగస్టు 31న భెండీ బజార్‌లో కూలిన పాత భవనం 30 మందికి పైగా ప్రాణాలు తీసింది. వానాకాలంలోనే, తెల్లవారి జనం ఇళ్ళలో ఉండగానే.

కొత్త సున్నం చూసి మోసపోవద్దు. కింది అంతస్తుకు వెళ్ళి, మీరు కొనబోయే గదికి సరిగ్గా కిందున్న గది పైకప్పు చూపించమని ఆ ఇంటి ఆవిడను మర్యాదగా అడగండి. చెక్క దూలం గోడలోకి దిగే చోట మెత్తబడిందా, తాళం చెవితో నొక్కితే లోపలికి దిగుతోందా, చెదలు కట్టిన మట్టి గీత ఉందా చూడండి. దూలం నడిమి కన్నా అక్కడే ముందు పాడవుతుంది, ఎందుకంటే గోడలోని తడి చేరేది ఆ చివరికే. వరండా చివర ఉమ్మడి మరుగుదొడ్ల వైపు గోడ చాలా చాల్‌లలో బలహీనమైన చోటు, గది అటువైపు ఉంటే ఇంకొంచెం తక్కువకు అడగడం కాదు, వేరే గది చూసుకోవడం మేలు. వరండా కింద ఆసరాగా కర్రలో ఇనుప స్తంభాలో నిలిపి ఉంటే అవి ఎప్పటివో, వాటి తర్వాత మరమ్మతు జరిగిందో లేదో ఇరుగుపొరుగును అడగండి. వీలైతే నీళ్ళు వచ్చే వేళకు వెళ్ళండి. డ్రమ్ముల వరుస, కొళాయి దగ్గర మాటలు, వంతు ఎలా నడుస్తుందో చూస్తే ఆ చాల్‌లో బతుకు ఎలా ఉంటుందో పావుగంటలో తెలిసిపోతుంది.

బ్రిటిష్ కాలంలో ప్రభుత్వం కట్టించిన బీడీడీ చాల్‌లలో గది ఇప్పిస్తామని వచ్చేవాళ్ళ దగ్గర మరింత మెలకువ. అక్కడ పునర్నిర్మాణంలో 160 చదరపు అడుగుల గదికి బదులు 500 చదరపు అడుగుల ఫ్లాటు ఇస్తున్న మాట నిజమే. కానీ అవి ప్రభుత్వ గదులు, ప్రభుత్వ రికార్డులో పేరు మారనిదే మీరిచ్చిన సొమ్ముకు విలువ లేదు. గుడిసెవాడల్లో గదికి వేరే లెక్క. ఉచిత పునరావాసానికి 2000 జనవరి 1 నాటికి, డబ్బు కట్టి తీసుకునే ఇంటికి 2011 జనవరి 1 నాటికి అక్కడ నివాసం ఉన్నట్టు ఆధారాలు కావాలి. పాత ఓటరు జాబితా, గుడిసెవాసులకు ప్రభుత్వం ఇచ్చిన ఫోటో పాసు, కరెంటు బిల్లు అసలు ప్రతులు మీ చేతికి రాకపోతే ఆ గది కొని లాభం లేదు. నోటరీ కాగితం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ చూపించి అంతా అయిపోయిందంటారు. వాటితో స్థిరాస్తి యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

నగదు విషయం. 2 లక్షల రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. జరిమానా నగదు తీసుకున్నవారికే పడినా, నష్టం మీకూ ఉంది: నోట్లకట్టగా ఇచ్చిన సొమ్ముకు రేపు మీ దగ్గర సాక్ష్యం ఉండదు. చెక్కు లేదా బ్యాంకు బదిలీ తప్ప మరో దారి ఒప్పుకోవద్దు. చేతిలో ఉన్నదంతా గది ధరకే పెట్టకుండా స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను, వకీలు ఫీజు, మొదటి వానకు బయటపడే మరమ్మతు, వీటికి విడిగా తీసి పెట్టండి.

ఒప్పందంలో మూడు సంతకాలు ఉండాలి: మీది, అమ్మేవారిది, యజమానిది. అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండి రిజిస్టరు కావాలని అద్దె నియంత్రణ చట్టంలోని 55వ సెక్షన్ చెబుతోంది. యజమాని మెహతాజీ (గుమాస్తా) వచ్చి నోటిమాటగా సరేనంటే సరిపోదు.

గది చేతికి వచ్చాక ఇంకో ప్రమాదం ఉంది, ఊరికి రాకపోకలుండే మనలాంటివాళ్ళకే ఎక్కువ. సరైన కారణం లేకుండా ఆరు నెలలు వరుసగా గది వాడకపోతే యజమాని ఖాళీ చేయించమని కోర్టుకు వెళ్ళవచ్చు. సమ్మతి లేకుండా మరొకరికి అద్దెకిచ్చినా అంతే. కరీంనగర్‌లోనో నల్లగొండలోనో ఉంటూ ముంబై గదికి తాళం వేసి ఉంచుదామనీ, అద్దెకిచ్చి వడ్డీ కట్టుకుందామనీ లెక్క వేసుకుని ఉంటే పగడీ గది మీకు పనికిరాదు. ఉండబోయేది మీరే అయితే మొదటి నెల నుంచే మీ పేరున రసీదు తీసుకోండి, కరెంటు మీటరు మార్పించుకోండి. యజమాని అద్దె తీసుకోనంటే బ్యాంకు ద్వారా పంపి ఆ ఆధారాన్ని భద్రపరచండి, ప్రతి నెలా.