పగలు పదకొండింటికి మీటింగ్ పెడితే ఎవరొస్తారు?

పల్నాడులో ఓ మిరపకోతల ఊళ్ళో ప్రాథమిక బడి హెడ్మాస్టర్‌ని. మొదటి ఏడాది జనవరిలో తల్లిదండ్రుల మీటింగ్ పగలు పదకొండింటికి పెట్టాను. నలుగురొచ్చారు, అందులో ఇద్దరు తాతలు. మిగతావాళ్ళు తెల్లవారుజామునే క్యారేజీలు సర్దుకుని ఆటోల్లో కోతకి వెళ్ళిపోయారు. రిజిస్టర్ నిండాలి కదా, ఆ సాయంత్రం ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకున్నాను. అందులో ఏం రాశానో ఒక్కరూ అడగలేదు. ఇంటికెళ్ళాక సిగ్గేసింది. మీరూ బడి నడిపే హెడ్మాస్టరైతే ఆ పని చేయకండి.

కోతల రోజుల్లో మీటింగ్ రాత్రి ఎనిమిదింటికి పెట్టండి, అన్నాలయ్యాక. ముప్పావు గంటకి ముగించాలి, పొద్దున్నే మళ్ళీ కోతకి పోవాలి వాళ్ళు. కబురు వాట్సాప్‌లో రాసి పెడితే చూసేవాళ్ళు తక్కువ. ఫోను పగలంతా నాన్న జేబులో ఉంటుంది. నేను రాత్రిపూట అర నిమిషం వాయిస్ మెసేజ్ పెడతాను, ఇంటిల్లిపాదీ వింటారు.

చోటు విషయంలో నేను ఇంకా పెద్ద తప్పే చేశాను. రామాలయం అరుగు చల్లగా ఉంటుందని రెండో మీటింగ్ అక్కడ పెట్టాను. ఎస్సీ కాలనీ తల్లులు ఒక్కరూ రాలేదు. ఎవరూ వద్దనలేదు, వాళ్ళూ ఏమీ అనలేదు. రాలేదంతే. ఇప్పుడు ఒకసారి బడి వరండాలో, ఒకసారి కాలనీలో చర్చి ముందు పెడుతున్నాం. పట్టాలు పరుచుకుని అందరం కిందే కూర్చుంటాం. నాకొక్కడికే కుర్చీ వేస్తే వాళ్ళు లేచి నిలబడే మాట్లాడతారు, ఆ మాటల్లో ‘సరే సార్’ తప్ప ఇంకేమీ ఉండదు.

ఇక ఏం మాట్లాడాలి? మీవాడు సరిగ్గా రావడం లేదు, యూనిఫాం మాసింది లాంటి పితూరీలతో మొదలుపెట్టకండి. పిల్లల చేత చదివించండి, ఒక్కొక్కరు ఐదు లైన్లు. ‘నాకు చదువు రాదు సార్, నేనేం చూసేది?’ అని ఒకామె అడిగింది. ‘వంట చేసుకుంటూ చదివించుకోమ్మా, వాడు ఎక్కడ ఆగాడో నీ చెవికి తెలుస్తుంది. ఆగిన చోట పెన్సిల్ గీత పెట్టించి పంపు’ అన్నాను. మూడో రోజు ఆ పిల్లాడి పుస్తకంలో పదకొండు గీతలు. అన్నీ ఒత్తుల దగ్గరే. ఆ వారం ఆ క్లాసుకి నేను ఒత్తులే చెప్పాను.

మనం ఎస్ఎంసీ అనే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో తల్లిదండ్రులు ఉండడం మన దయ కాదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే పని కూడా ఈ కమిటీదే. కానీ కాగితం మీద తల్లి పేరుంటుంది, మీటింగ్‌లో ఆమె భర్త కూర్చుంటాడు. నేను ఆయన్ని పంపెయ్యను. ‘కూర్చోండి బాబాయ్, కానీ అభిప్రాయం అమ్మే చెప్పాలి’ అంటాను. మొదటిసారి నవ్వుతారు, రెండోసారికి ఆమే చెబుతుంది.

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది, మా బడీ కిటకిటలాడింది. మంచిదే. ఆ రోజు వచ్చినవాళ్ళని జనవరిలో ఏ హడావిడీ లేకుండా మళ్ళీ రప్పించడం అంతకంటే కష్టం.

డబ్బు మాట మూడు మీటింగులయ్యే దాకా ఎత్తకండి. ముందే చందా అడిగితే తర్వాత ఏ కబురు పంపినా చందాకే అనుకుంటారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా పూర్వ విద్యార్థి ఒకతను ఇరవై వేలు పంపాడు. నేను గోడలకి రంగులేయిద్దామన్నాను, బొమ్మలతో సహా. తల్లులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి ఒకావిడ, ‘ఆడపిల్లల బాత్రూంకి గడియ లేదు సార్. మా అమ్మాయి బడికొచ్చాక మంచినీళ్ళు ముట్టదు’ అంది. నాలుగేళ్ళుగా ఆ బడిలో ఉన్నాను, నాకు తెలీదు.

మర్నాడే రెండు గడియలు, ఒక కుళాయి వేయించాం. ఎంత ఖర్చయిందో, ఎంత మిగిలిందో వరండా బోర్డు మీద సుద్దతో రాసి ఉంచాం. రంగుల సంగతి వేసవి సెలవుల ముందు మీటింగ్‌లో వాళ్ళే తేలుస్తారు.